తొలిపూత మీద తీర్పు

ఆయన్ని ఆ వీధిలో అందరూ పళ్ళాయన అంటారు. బండి మీద పళ్ళమ్ముకునేవాడనుకునేరు, అదేం కాదు, పళ్ళు కట్టేవాడు. డాక్టర్లు రోగి నోట్లో అచ్చు తీసి పంపిస్తే, దానికి సరిపడే పన్ను మలిచి, రంగు అద్ది, కాల్చి, మెరుగుపెట్టి తిరిగి పంపిస్తాడు. ఇంటి ముందుగదే ఆయన ల్యాబు. ఒక కిటికీ, దాని కింద పొడుగాటి బల్ల, బల్ల మీద చిన్న కొలిమి, పక్కనే గిర్రున తిరుగుతూ కూతపెట్టే మెరుగుచక్రం. సాయంత్రమయ్యేసరికి కనుబొమల దాకా తెల్లపొడి పట్టి, పిండిమర లోంచి వచ్చినవాడిలా కనబడేవాడు.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, పనిలో మాత్రం దిట్ట. తెలుపంటే మనకు ఒకటే తెలుపు. ఆయనకు పాల తెలుపు వేరు, సున్నం తెలుపు వేరు, టీ తాగేవాడి తెలుపు వేరు, సిగరెట్టు మానేసినవాడి తెలుపు వేరు. డాక్టరు ఏ రంగు రాసి పంపినా, రోగిని పిలిపించి తన కళ్ళతో చూస్తేగాని పింగాణీ ముద్ద కలపడు. అది కూడా ఆ మనిషి చాలాసేపు నోరు తెరుచుకుని కూర్చున్నాక చూడడు. "పన్ను ఎండితే రంగు అబద్ధం చెబుతుందండీ. కాసేపు నోరు మూసుకుని కూర్చోండి," అనేవాడు. మొహమాటం లేకుండా అనేవాడు కాబట్టి కొందరికి కోపాలు కూడా వచ్చేవి. "నా కన్ను తప్పదు" అన్నది ఆయన ఊతపదం. తప్పేది కాదు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది. ఎప్పుడూ తప్పని కన్ను ఉన్నవాడికి, తప్పానేమో అన్న అనుమానం అలవాటుండదు.

ఇంట్లో ఆయనకు తోడు అక్క. బావగారు పోయాక నాలుగు రోజులుండి పోదామని వచ్చింది, ఆ నాలుగు రోజులూ ఇంకా అవలేదు. తమ్ముడికి పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదని ఎవరైనా అడిగితే ఆవిడ దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది. "సంబంధాలన్నీ వసంతంలోనే వచ్చాయమ్మా. వీడేమో పువ్వులు వదిలి రానన్నాడు. ఒకళ్ళింటికి బలవంతాన లాక్కెళ్తే, పిల్లని చూడకుండా వాళ్ళ గుమ్మంలో పూలకుండీ చూసొచ్చాడు."

పువ్వులంటే అన్ని పువ్వులూ కాదు, ఐరిస్ ఒక్కటే. వయసులో ఉన్నప్పుడు ఒక డాక్టరమ్మ తన పెరట్లోంచి అల్లం కొమ్ములాంటి దుంప ఒకటి తీసి, కాగితంలో చుట్టి ఇచ్చింది. నాటాడు. మరుసటి ఏడు కత్తుల్లాంటి ఆకుల మధ్య నుంచి కాడ లేచి పువ్వు విచ్చింది. మూడు రేకలు పైకి నిలబడి, మూడు రేకలు కిందికి వేలాడి, వేలాడే రేకల మీద పసుప్పచ్చటి నూగు. ఆ నూగును పెంచేవాళ్ళు గడ్డం అంటారు. ఆ మాట విన్న రోజున అక్క పడీ పడీ నవ్వింది. "ఇదెక్కడి చోద్యంరా! నీకే సరిగ్గా రాని గడ్డం పువ్వుకొచ్చిందా?"

అప్పట్నుంచీ ఆయనకు అదే లోకం. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు రాయడం, కాయ కట్టించడం, విత్తనాలు మొలిపించడం, రెండు మూడేళ్ళు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూడడం, తీరా పూశాక నచ్చనివన్నీ పీకి పారేయడం. వందల్లో నాటితే ఒక్కటి నిలుస్తుంది. ఐరిస్‌లో నీలం ఉంది, ఊదా ఉంది, పసుపు, తెలుపు, నారింజ, ఆఖరికి నలుపులాంటిది కూడా ఉంది. లేనిదల్లా ఎరుపు. ఎరుపని చెప్పుకునే వాటిల్లో ఎక్కడో ఒకచోట ఊదా దాక్కునే ఉంటుంది. ఊదా ఛాయ లేని ఎరుపు కోసం దేశదేశాల్లో పిచ్చివాళ్ళున్నారు. మన పళ్ళాయన వాళ్ళలో ఒకడు.

"ఎరుపు కావాలంటే ఓ గులాబీ నాటుకోవచ్చు కదరా, ఈ తపస్సెందుకు?" అనేది అక్క.

"గులాబీలో ఎరుపుంటే గొప్పేముందక్కా?"

"లేనిచోట వెతకడమే గొప్పయితే, మీ మావయ్య బట్టతలలో పేలు చూడు, పుణ్యం కూడా వస్తుంది."

తన పెరట్లో ఉన్నవాటిని ఒకదానితో ఒకటి ఎంత కలిపినా తిరిగి తిరిగి అదే ఊదా వస్తోంది. కొత్త నెత్తురు కావాలి. అదేమో భూగోళం అవతలి సగంలో ఉంది. అక్కడివాళ్ళు వేరే జాతుల మీద పనిచేసి ఇటుక రంగు దాకా వచ్చారు. కానీ ఇక్కడ వసంతమైతే అక్కడ ఆకురాలు కాలం. ఇక్కడ పువ్వు విచ్చే వేళకు అక్కడి దుంప నిద్రకు సిద్ధమవుతూ ఉంటుంది. అక్కడి పువ్వూ ఇక్కడి పువ్వూ ఒకదాని మొహం ఒకటి జన్మలో చూసుకోవు. అందుకని పుప్పొడి దాచిపెట్టాలి. పొద్దున్నే తేనెటీగలు దిగకముందే, పువ్వులోని కేసరాలను పట్టకారుతో తెంపి, ఆరబెట్టి, వెండిరేకులాంటి కాగితంలో మడిచి, చెమ్మ పీల్చే గుళికలు వేసిన డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో ఐసు గట్టే అరలో ఉంచాలి. అవతల వసంతం వచ్చేముందు కవర్లో పెట్టి పంపాలి. వాళ్ళూ అంతే, వాళ్ళ పువ్వులవి దాచి మనకు పంపుతారు. "పాలు పెట్టుకోడానికి చోటు లేదు గాని, పువ్వుల మగాళ్ళందరికీ నా ఫ్రిజ్జే అత్తారిల్లు," అని అక్క సణిగేది. సణుగుతూనే డబ్బా తడవకుండా కింద గుడ్డ పరిచేది.

అలా కవర్లు పంపుకునేవాళ్ళలో ఒకావిడ, అవతలి సగంలో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పళ్ళాయన ఇంట్లో ఆవిణ్ణి బస్సమ్మ అనేవాళ్ళు. ఐరిస్ పెంచేవాళ్ళకు ఫోన్లో ఒక గ్రూపుంది. అందులో ఒకరోజు, "నేను కొత్త. ఎరుపుకు దగ్గరగా ఉండే పుప్పొడి ఎవరైనా పంపగలరా?" అని అడిగింది. ఎవరూ పలకలేదు. కొత్తవాళ్ళంటే అందరికీ లోకువే. ఈయన పలికాడు, తన దగ్గరున్న వాటిల్లో మేలైనదే పంపాడు. అది ఆయన మంచితనమే, కాదనకూడదు.

పుప్పొడితో పాటు విద్య కూడా నేర్పాడు, అంతా ఫోన్లోనే. పువ్వు లోపల పెదవిలా ఉండే ఏ అంచు మీద పుప్పొడి రాయాలో, కాడకు గుర్తు ఎలా కట్టాలో, కాయ పగిలి గింజలు రాలిపోకముందే ఎలా కోయాలో. ఆవిడ వయసులో పెద్దదే అయినా మాస్టారూ అని పిలవడం మొదలుపెట్టింది. ఈయన మొదట్లో వద్దన్నాడు గాని, తరవాత ఆ పిలుపు రుచి మరిగాడు. నేర్పిన వాటన్నిటిలోకీ గట్టిగా చెప్పింది ఒకటుంది.

"తొలిపూత చూసి తీర్పు చెప్పకూడదమ్మా. అటు సగంలోంచి ఇటు వచ్చిన దుంపయితే మరీను. దానికి కాలం తలకిందులవుతుంది. పాపం, ఎక్కడున్నానో దానికే తెలీదు. వేళ కాని వేళ పూస్తుంది, వంకరగా పూస్తుంది. రెండు వసంతాలు కుదురుకోనివ్వాలి. ఆ తరవాత పూసిందే దాని అసలు మొహం."

"రూటు మారిస్తే డ్రైవరు తడబడినట్టా మాస్టారూ?"

"అంతేనమ్మా."

"అయితే నాకు బాగా అర్థమైంది. కొత్త రూట్లో మొదటి రోజు పిల్లల్ని వేరే బడి దగ్గర దింపొచ్చాను నేను," అని నవ్వింది.

ఏళ్ళు గడిచాయి. ఏటా కవర్లు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఆవిడ పెరడు నిండింది. వరసలు వరసలుగా మొలకలు, ప్రతి వరసకూ తల్లెవరో తండ్రెవరో రాసిన చెక్కముక్క. ఫోన్లో ఒక్కోదాని సంగతీ కడుపున పుట్టినదాని గురించి చెప్పినట్టు చెప్పేది. ఒకరోజు మాత్రం గొంతు వేరేగా వినబడింది.

"మాస్టారూ, మీరు పంపిన పుప్పొడితో కట్టిన కాయలోది ఒకటి పూసింది. ఎర్రగా ఉంది."

"ఎరుపంటే ఏ ఎరుపు?"

"పండుమిరప ఎరుపు. నా జన్మలో ఇలాంటిది చూడలేదు."

"ఊదా ఎక్కడో ఉండే ఉంటుందమ్మా. నీడలో పెట్టి చూశారా?"

"చూశాను. నాకైతే కనబడలేదు. కానీ నా కళ్ళని నేనే నమ్మడం లేదండీ. రెండు కళ్ళకీ శుక్లాలొచ్చాయి. అన్నీ పసుపు అద్దంలోంచి చూసినట్టే ఉంటాయట, నీలం, ఊదా ముందుగా మాయమవుతాయట. అందుకే ఎర్రగా కనబడుతోందేమో. ఫోటో తీస్తే ఒక్కో ఫోన్లో ఒక్కో రంగు. మా వాణ్ణి చూడరా అంటే, పువ్వే కదమ్మా అంటాడు. మీ కన్ను తప్పదు కదా. దుంప పంపిస్తాను, పూశాక మీరు చెప్పండి."

ఇంకో మాట కూడా అంది. మోకాళ్ళు అరిగాయి, కళ్ళ ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు వంగకూడదంటున్నారు, కొడుకేమో పెరడంతా చదును చేసి గడ్డి పరిపిస్తానంటున్నాడు. "ఈ ఒక్కటి నిజంగా ఎరుపైతే, మనిషిని పెట్టుకునైనా పెరడు నిలబెట్టుకుంటాను. కాకపోతే ఇక చాలిస్తాను మాస్టారూ. అంతా మీ మాట మీదే ఉంది. ఆపరేషన్ కూడా అప్పటిదాకా వాయిదా వేస్తాను."

"అంత మాటెందుకమ్మా," అని నవ్వేశాడు పళ్ళాయన. ఇక చాలిస్తామని పెంపకందార్లు ఏడాదికోసారి అంటూనే ఉంటారు, ఆయన కూడా అంటాడు. అందుకని ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

పేరు పెట్టి నమోదు చేయని మొలకను ఎవరూ ఇంకొకరి చేతికివ్వరు, ప్రాణమిచ్చే నమ్మకం ఉంటే తప్ప. బస్సమ్మ తన మొక్క నుంచి ఒక్క పిలక విరిచి ఈయనకు పంపింది. భూమ్మీద ఆ పువ్వు అక్కడొకటి, ఇక్కడొకటి, అంతే. దుంప మట్టి లేకుండా కడిగించుకుని, ఆకులు కత్తిరించుకుని, సంతకాలూ ముద్రలూ వేయించుకుని చలికాలంలో దిగింది. బయటిదేశపు మొక్కను మిగతావాటితో కలిపి పెట్టకూడదు. తనిఖీ ఆఫీసరు వచ్చి చూసి సరేననేదాకా విడిగా ఉంచాలి, చచ్చిపోయినా సరే పీకి పారేయకూడదు. అందుకని ల్యాబు వెనక గోడవారగా, ఇనపవల కట్టిన చిన్న మడిలో నాటి తాళం వేశాడు.

వసంతం వచ్చింది. పెరడంతా పూసింది, అది పూయలేదు. మిగతావన్నీ వాడి, ఎండి, ఆకులు రాలే కాలం వచ్చాక ఉన్నట్టుండి కాడ తీసింది. దాని లెక్కలో అది వాళ్ళ ఊరి వసంతం మరి. జానెడు కాడ, దాని కొసన ఒకే ఒక్క మొగ్గ. తెల్లారితే మంచు కురుస్తున్న రోజులు. ఆ చలిలో మొగ్గ సగం విచ్చి, అంచులు నలిగి, రేకలు ముడుచుకుని నిలబడిపోయింది. రంగు చూస్తే, ఇటుకపొడి మీద సిరా ఒలికినట్టుంది. ఊదా. కొట్టొచ్చినట్టు కనబడే ఊదా.

నేర్పినవాడికి తెలియదా? తెలుసు. ఇది తొలిపూత, అందులోనూ వేళ కాని పూత అని మనసులో ఒక మాట అననే అంది. కానీ ఆ మాట పక్కనే ఈర్ష్య కూర్చుని ఉంది. దాచిపెట్టి లాభం లేదు, ఈర్ష్యే అది. సగం జీవితం పోసి తాను వెతుకుతున్న ఎరుపు, తన దగ్గర ఓనమాలు దిద్దిన బస్సు డ్రైవరు పెరట్లో పూసిందని విన్న రోజు నుంచీ ఆయన కడుపులో ముల్లు ఒకటి గుచ్చుకుంటూనే ఉంది. ఊదా కనబడగానే ఆ ముల్లు తీసేసినంత హాయిగా అనిపించింది. హమ్మయ్య అనుకున్నాడు. ఆ పూటే మనసులో తీర్పు రాసేసుకున్నాడు. ఆ మడికి మళ్ళీ నీళ్ళు పోయలేదు, తాళం తీయలేదు.

ఆ తరవాతి వసంతంలో అది పూయలేదని అక్క చెబితే విన్నాడు, చూడ్డానికి కూడా పోలేదు. అదిగో, అప్పుడు వచ్చింది బస్సమ్మ ఫోను.

"మాస్టారూ, ఆపరేషన్ ఇక వాయిదా వేయడానికి లేదంటున్నారు. రెండు వసంతాలయ్యాయి కదా. పూసిందా?"

"పూసిందమ్మా."

"పూసిందా!" ఆవిడ గొంతు ఒక్కసారిగా పడుచుపిల్ల గొంతయింది. "చెప్పండి చెప్పండి."

"ఊదా ఉంది. బాగానే ఉంది. ఎరుపు కాదు."

"కాదా?"

"కాదమ్మా. దాన్ని పట్టుకుని వేలాడితే లాభం లేదు. పీకేయండి."

ఎప్పుడు పూసిందో చెప్పలేదు. జానెడు కాడ మీద మంచులో నలిగి పూసిందని చెప్పలేదు. ఆవిడ అడగలేదు, ఎందుకు అడుగుతుంది? వసంతంలో ఫోను చేసి పూసిందా అంటే, పూసిందన్నాడు.

"సరేనండీ," అందావిడ. "నిజం చెప్పారు, అంతే చాలు. మీరు కాబట్టి మొహమాటం లేకుండా చెప్పారు."

గుమ్మంలో నిలబడి అక్క అంతా వింది. "అదేంట్రా, ఆకులు రాలినప్పుడు పూసినదాన్ని పట్టుకుని ఇప్పుడు పూసినట్టు చెబుతావు? ఆగమని లోకానికంతా నువ్వే కదా పాఠాలు చెబుతావు?"

"కాడ పొడుగవుతుందేమో గాని రంగు ఎక్కడికి పోతుందక్కా? రంగు రంగే. నా కన్ను తప్పదు."

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు," అని అక్క విసురుగా లోపలికెళ్ళింది.

ఆ ఏడు అటు నుంచి కవరు రాలేదు. ఆపరేషన్ కదా అనుకున్నాడు. గ్రూపులో కూడా ఆవిడ కనబడలేదు. కళ్ళకు విశ్రాంతి అని ఉంటారులే అనుకున్నాడు. ఒకటి రెండుసార్లు ఫోను చేద్దామని తీసి, ఏదో అడ్డమొచ్చి పెట్టేశాడు. ఏమడ్డమొచ్చిందో ఆయనకు తెలుసు గాని, ల్యాబులో పని ఎక్కువైందని తనకు తానే చెప్పుకున్నాడు.

మరుసటి వసంతంలో తనిఖీ ఆఫీసరు ఊడిపడ్డాడు. ఎప్పుడో రావాల్సిన మనిషి. సన్నగా, ముక్కులోంచి మాట్లాడుతూ, మెడలో భూతద్దం వేలాడేసుకుని గుమ్మంలో నిలబడి, "కొంచెం ఆలస్యమైందండీ," అన్నాడు.

"కొంచెమేంటండీ, ఇంకా నయం, మా మనవల కాలంలో రాలేదు," అంది అక్క.

"మీకు మనవలున్నారామ్మా?"

"లేరు. అప్పటిదాకా రారేమో అనుకున్నాను."

తాళం తుప్పుపట్టి రాకపోతే నూనె పోసి, సుత్తితో కొట్టి తీశారు. గుండెలెత్తు గడ్డి. దాన్ని రెండు చేతులతో పక్కకు తీశాడు పళ్ళాయన. గడ్డి వెనక నడుమెత్తున నిటారైన కాడ, దానికి మూడు కొమ్మలు, మూడు పువ్వులు. వెనక నుంచి పొద్దుటి ఎండ పడుతోంది. పండుమిరప ఎరుపు.

చేత్తో ఎండకు అడ్డంపెట్టి నీడలో చూశాడు. వేలాడే రేకను వేలితో ఎత్తి కింద చూశాడు. నరాల్లో చూశాడు, గడ్డం మొదట్లో చూశాడు. లోపలికి పరిగెత్తి, పళ్ళ రంగులు చూసే దీపం తెచ్చి, దాని తెల్లటి వెలుగులో చూశాడు. ఊదా కోసం అంత ఆత్రంగా ఆయన ఎప్పుడూ వెతకలేదు. కాస్త కనబడితే బాగుండునని ప్రాణం కొట్టుకుపోయింది. రవ్వంత కూడా లేదు.

ఆఫీసరు గొంతుక్కూర్చుని ఆకుల అడుగున భూతద్దం పెట్టి తీరిగ్గా చూశాడు. "పురుగు లేదు, తెగులు లేదు. ఇక మీ ఇష్టమండీ, ఉంచుకుంటే ఉంచుకోండి, పీకేసుకుంటే పీకేసుకోండి," అని, మంచినీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయాడు. ఆయన తొందరగా వచ్చుంటే ఆ మొక్క ఏనాడో చెత్తలో కలిసేది. ఒక మనిషి బద్ధకం నిలబెట్టిన పువ్వది.

ఆ రోజు ఆయన పన్ను ఒక్కటి కూడా కాల్చలేదు. మర్నాడూ అంతే. మింగలేక కక్కలేక పెరట్లోకీ ల్యాబులోకీ తిరిగాడు. పాడు ఆలోచన కూడా రాకపోలేదు. పుప్పొడి తనది. మొక్క తన మడిలో ఉంది. అవతలావిడ తనదాన్ని పీకేసే ఉంటుంది. పేరు పెట్టి గ్రూపులో ఫోటో పెడితే, ఎరుపు పూయించినవాడని దేశదేశాలు చెప్పుకుంటాయి. ఎవరికి తెలుస్తుంది?

అక్కకు తెలుస్తుంది. తమ్ముడి మొహం చూసి ఆవిడే కదిపింది.

"ఏరా, ఎవరి కడుపున పుట్టిన బిడ్డరా అది?"

"పుప్పొడి నాదే కదక్కా," అన్నాడు, తనకే వినబడనంత మెల్లగా.

"పుప్పొడి పంపి నువ్వు పళ్ళు కట్టుకున్నావు. కాయ మోయించి, మొలిపించి, ఎండా వానా కాచుకున్నదావిడ. ఫోన్ చెయ్యి."

"ఇప్పుడు చెబితే ఆవిడ బాధపడుతుందక్కా."

"చెప్పకపోతే నువ్వు సుఖపడతావు. అంతేగా?"

మర్నాడు పొద్దున్నే తేనెటీగలకంటే ముందు లేచి, పట్టకారుతో మూడు పువ్వుల పుప్పొడీ తీశాడు. విరిచి పంపేంత పిలక మొక్కకు ఇంకా లేదు, తప్పు దిద్దుకునే దారి అదొక్కటే కనబడింది. బల్ల మీద మడతకాగితం సిద్ధంగా పెట్టుకుని, ఫోన్ తీశాడు.

"మాస్టారూ! ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! అక్కగారు బాగున్నారా?"

"బాగుందమ్మా. మీ కళ్ళెలా ఉన్నాయి?"

"బ్రహ్మాండం. మా వంటింటి గోడ నీలమని ఇప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళూ బూడిదరంగనే అనుకున్నాను." ఆవిడ పకపకా నవ్వింది. ఆవిడ వెనక ఎక్కడో గడ్డి కోసే మిషను చప్పుడు వినబడుతోంది.

"అమ్మా, ఆ మొక్క పూసింది."

"ఏ మొక్కండీ?"

"మీదే. మీరు పంపింది."

"అదెప్పుడో పూసిందన్నారుగా?"

"అది వేళ కాని వేళ పూసిందమ్మా. ఆకులు రాలే కాలంలో, మంచులో. జానెడు కాడ. ఆ సంగతి మీకు చెప్పలేదు నేను. చెప్పాల్సింది. చెప్పకుండా ఊదా అన్నాను."

నవ్వు ఆగిపోయింది. "ఇప్పుడో?" అంది.

"ఎరుపమ్మా."

"ఊదా?"

"లేదు. రేక రేకా వెతికాను. లేదు."

 

"అయితే నా కళ్ళు అప్పుడు కూడా సరిగ్గానే చూశాయన్నమాట," అంది బస్సమ్మ.

"మీ కళ్ళు సరిగ్గానే చూశాయమ్మా. తప్పింది నేను. కన్ను కూడా కాదు, బుద్ధి తప్పింది. మీకు ముందు దొరికిందని కుళ్ళుకున్నాను. తిట్టండమ్మా, పడతాను."

"రెండు వసంతాలు ఆగాలన్నది మీరే కదండీ. ఆగి చెబుతున్నారనుకున్నాను."

"దానికి మీ పేరే పెడతానమ్మా. నా పేరు ఎక్కడా రానివ్వను. ఇంకోటి కూడా, పొద్దున్నే పుప్పొడి తీశాను. మీ వసంతానికి అందేలా పంపిస్తాను. మీ వరసల్లో వాటి మీద రాయండి. రెండు మూడేళ్ళలో మీ పెరట్లో మళ్ళీ..."

"ఏ వరసల్లో మాస్టారూ?"

"మొలకల వరసలమ్మా," అన్నాడు ఈయన.

"ఆ ఒక్కటీ పీకేశాననుకున్నారా? అన్నీ తీయించేశాను. ఆపరేషన్‌కి వెళ్ళేముందే. అది ఎరుపు కాకపోతే చాలిస్తానని మీకు చెప్పాను కదండీ."

చెప్పింది. నిజమే, చెప్పింది.

"మావాడు గడ్డి బాగానే పరిచాడు, పచ్చగా ఉంది. కళ్ళ కట్టు విప్పాక మొదట చూసింది అదే," అంది. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే ఆ కోపాన్నే పట్టుకుని వేలాడేవాడు. "మీరు పుప్పొడి పంపితే రాయడానికి ఇక్కడ పువ్వు లేదండీ. ఒక్కటీ లేదు."

ఉంటానని మర్యాదగా చెప్పి ఫోన్ పెట్టేసింది.

అక్క గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "ఏమందిరా? తిట్టిందా?"

"లేదక్కా. తిట్టినా బాగుండేది," అని పళ్ళాయన కిటికీ కింద బల్ల మీద తల వాల్చి పసివాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.